జాన్ కోల్ట్రేన్ రికార్డులు: పన్నెండేళ్ల నడక

జాన్ కోల్ట్రేన్ పేరు నిలబెట్టిన రికార్డులన్నీ పన్నెండేళ్లలోపే వచ్చాయి. 1955లో మైల్స్ డేవిస్ బృందంలో టెనార్ సాక్సోఫోన్ వాయించడానికి చేరేనాటికి ఆయన వయసు 29. 1967 జులై 17న కాలేయ క్యాన్సర్‌తో కన్నుమూసేనాటికి 40. ఈ మధ్యలో ఆయన ఒక పద్ధతిని పట్టుకోవడం, దాని అంచు చూసేదాకా సాధన చేయడం, అంచు చేరగానే దాన్ని వదిలి ముందుకు వెళ్లడం పదే పదే జరిగింది. ఆయన రికార్డుల్లో ఏది గొప్పదన్న వాదన అందుకే తెగదు. ఒక్కో శ్రోత ఒక్కో మజిలీలో ఆగిపోతాడు. అయితే ఈ మజిలీలన్నిటినీ కలిపే దారి ఒకటుంది. సాక్సోఫోన్ కింద కార్డ్‌లు ఎన్ని ఉండాలి, అవి ఎంత వేగంగా మారాలి, అసలు మారాలా అన్న ప్రశ్నే ఆ దారి.

కొన్ని స్వరాలు ఒక్కసారిగా పలికితే కార్డ్ అవుతుంది. జాజ్‌లో పియానో, బేస్ కలిసి పాట పొడుగునా ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు నడుస్తుంటాయి. ముందు నిలబడి వాయించేవాడు ఆ నడకకు సరిపడేలా తన మనోధర్మాన్ని అప్పటికప్పుడు అల్లుకుపోవాలి. కర్ణాటక సంగీతంలో శ్రుతి కదలదు, విద్వాంసుడు దాని మీద రాగాన్ని విస్తరిస్తాడు. నాటి జాజ్‌లో మాత్రం కాళ్ల కింద నేల కదులుతూనే ఉంటుంది. ఆ కదిలే నేల మీద కోల్ట్రేన్‌ను మించి పరుగెత్తినవాడు లేడు. ఆ నేలను చివరికి నిలబెట్టేసినవాడూ ఆయనే.

1926 సెప్టెంబరు 23న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, హామ్లెట్ అనే చిన్న ఊళ్లో ఆయన పుట్టారు. పెరిగింది అదే రాష్ట్రంలోని హై పాయింట్‌లో, చర్చి పాటల మధ్య. తాతలిద్దరూ నల్లవారి మెథడిస్టు చర్చిలో బోధకులు. 1943లో ఫిలడెల్ఫియాకు మారారు. నౌకాదళంలో కొంతకాలం పనిచేసి, ఆ తర్వాత రకరకాల బృందాల్లో పక్కవాద్యగాడిగా వాయించారు. 1955కు ముందు ఆయన వాయించిన రికార్డులు ఉన్నాయి గానీ, వాటిలో తర్వాతి కోల్ట్రేన్‌ను వెతికి పట్టుకోవాల్సిందే.

డేవిస్ బృందంతో 1956 మే 11న, అక్టోబరు 26న రెండంటే రెండు రోజుల్లో చేసిన రికార్డింగుల నుంచి ప్రెస్టీజ్ కంపెనీ ప్రధానంగా నాలుగు ఆల్బమ్‌లు విడుదల చేసింది. వాటి పేర్లు ‘కుకిన్’, ‘రిలాక్సిన్’, ‘వర్కిన్’, ‘స్టీమిన్’. డేవిస్ ట్రంపెట్ మీద తక్కువ స్వరాలతో, మధ్యలో మౌనాన్ని వదులుతూ వాయిస్తారు. ఆయన ఆపగానే కోల్ట్రేన్ అందుకుని ఆ ఖాళీలన్నీ నింపేస్తారు. ఆయన గొంతు గట్టిగా, కాస్త గరుకుగా ఉంటుంది. వాక్యం పూర్తి చేయలేక తడబడే చోట్లూ ఉంటాయి. ఆ తడబాటు దాచుకోనంత నిజాయితీ ఉండబట్టే ఈ నాలుగు రికార్డులు ఇప్పటికీ తాజాగా వినిపిస్తాయి.

హెరాయిన్ అలవాటు ముదరడంతో 1957 వసంతంలో డేవిస్ కోల్ట్రేన్‌ను బృందం నుంచి తీసేశారు. ఫిలడెల్ఫియాకు తిరిగి వెళ్లి హెరాయిన్, తాగుడు రెండూ ఒకేసారి మానేశారు. ఆ ఏడాది దేవుడి దయతో తనకు ఒక మేలుకొలుపు కలిగిందని ఆయనే తర్వాత ‘ఎ లవ్ సుప్రీమ్’ అట్ట మీద రాసుకున్నారు. ఆ ఏడాదే పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ దగ్గర సాధన చేసి, న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ క్లబ్బులో నెలల తరబడి ఆయన పక్కన వాయించారు. మంక్ బాణీల్లో కార్డ్‌లు ఎప్పుడు ఎటు తిరుగుతాయో తెలియదు. ఆ శిక్షణ ఫలితం 1957 సెప్టెంబరు 15న బ్లూ నోట్ కంపెనీకి చేసిన ‘బ్లూ ట్రేన్’లో తెలుస్తుంది. ఐదు పాటల్లో నాలుగు ఆయన సొంత బాణీలే. ట్రంపెట్ మీద లీ మోర్గన్, ట్రాంబోన్ మీద కర్టిస్ ఫుల్లర్ ఉన్నారు. రికార్డింగు జరిగింది న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో, పగలు కళ్లజోళ్ల డాక్టరుగా పనిచేసే రూడీ వాన్ గెల్డర్ తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో పెట్టుకున్న స్టూడియోలో. కోల్ట్రేన్‌ను తొలిసారి వినేవారికి చేతికివ్వదగ్గ రికార్డు ఇదే. బ్లూస్ పునాది గట్టిగా ఉంటుంది, బాణీలు వెంటనే పట్టుబడతాయి, ఆ మీద స్వరాలు జల్లుగా కురుస్తాయి. ఒక్కో కార్డ్‌లోంచి పుట్టగల స్వరాలన్నిటినీ ఒక్క ఊపిరిలో వాయించేయాలన్న ఈ తపనకు 1958లో ఐరా గిట్లర్ అనే విమర్శకుడు ‘ధ్వని తెరలు’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. అది నిలిచిపోయింది.

1959 వసంతంలో రెండు ఆల్బమ్‌లు కొద్ది రోజుల తేడాతో తయారయ్యాయి. అప్పటికి కోల్ట్రేన్ తిరిగి డేవిస్ బృందంలో ఉన్నారు. ఒకటి మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, మార్చి 2న, ఏప్రిల్ 22న రికార్డయింది. రెండోది కోల్ట్రేన్ సొంత ‘జయంట్ స్టెప్స్’. దాని పనిలో అధిక భాగం మే 4, 5 తేదీల్లో జరిగింది. మధ్యలో పన్నెండు రోజులు. ఒకే మనిషి పన్నెండు రోజుల తేడాతో రెండు వ్యతిరేక దిక్కుల కొసలు ముట్టుకుని వచ్చాడు.

‘కైండ్ ఆఫ్ బ్లూ’లోని మొదటి పాట ‘సో వాట్’లో మారే కార్డ్‌లు దాదాపు లేవు. ఒక స్వరపంక్తి పదహారు బార్ల (నాలుగు దెబ్బల ఆవర్తాల) పాటు సాగుతుంది, అదే పంక్తి అర స్వరం పైకి జరిగి ఎనిమిది బార్లు ఉంటుంది, మళ్లీ పాత చోటికి దిగుతుంది. పాశ్చాత్యులు డోరియన్ అనే ఆ పంక్తి మన ఖరహరప్రియ మెట్టే. శ్రుతిని ఒక్క మెట్టు పెంచి అదే రాగాన్ని కాసేపు పాడి, తిరిగి వచ్చినట్టుంటుంది. అక్కడ కోల్ట్రేన్ తొందరపడరు. స్వరాల మధ్య గాలి ఆడుతుంది.

‘జయంట్ స్టెప్స్’ దీనికి పూర్తిగా ఎదురు. మొదటి పాటలో పదహారు బార్లలో 26 కార్డ్‌లు ఉన్నాయి. వాయించిన వేగానికి ఆ పదహారు బార్లూ దాదాపు పదమూడు సెకన్లలో అయిపోతాయి. కార్డ్‌లు ఎక్కువ కావడం ఒక్కటే ఇబ్బంది కాదు. సప్తకంలోని పన్నెండు స్వరస్థానాలను మూడు సమభాగాలు చేసి, ఆ మూడు బిందువుల్లో ఒక్కోదాన్నీ వంతులవారీగా ఆధార షడ్జంగా చేశారు. షడ్జం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం మూడూ ఒకదాని తర్వాత ఒకటి ‘స’ అయిపోతే ఎలా ఉంటుందో ఊహించాలి. అదీ ఒకటి రెండు సెకన్లకోసారి. ఆ చక్రాన్ని కోల్ట్రేన్ ఎంత సాధన చేశారో ఆయన వాయింపులో తెలుస్తుంది. ఒక్క మలుపు దగ్గరా వేళ్లు తడుముకోవు. ఆయన తర్వాత పియానో వంతు. టామీ ఫ్లానగన్ చిన్న విద్వాంసుడేమీ కాదు. కొన్ని బార్లు వరసగా వాయిస్తారు, తెగుతుంది, మళ్లీ అందుకుంటారు, చివరికి విడివిడి కార్డ్‌లు మాత్రం వేస్తూ దాటేస్తారు. ఆ తడబాటును కంపెనీ తీసేయలేదు. అది ఉండబట్టే కోల్ట్రేన్ చేసిన పని ఎంత కష్టమైందో వినేవారికి తెలుస్తోంది. ఫ్లానగన్ ఆ బాకీని ఉంచుకోలేదు. 1982లో కోల్ట్రేన్ స్మృతిగా చేసిన తన ఆల్బమ్‌లో అదే పాటను నిబ్బరంగా వాయించారు.

అయితే అదే ఆల్బమ్‌లో దీనికి భిన్నమైన పాట ఇంకొకటి ఉంది. మొదటి భార్య పేరు పెట్టిన ‘నైమా’ నిదానమైన బాణీ, 1959 డిసెంబరు 2న కొందరు వేరే వాద్యకారులతో రికార్డయింది. పైన పియానో కార్డ్‌లు మెల్లగా మారుతున్నా, కింద బేస్ మాత్రం ఒక్కో భాగం పొడుగునా ఒకే స్వరాన్ని పట్టుకుని కదలకుండా ఉంటుంది. తర్వాతి కోల్ట్రేన్ అంతా ఈ బేస్ స్వరంలోంచి వచ్చాడని చెప్పవచ్చు. కార్డ్‌ల పరుగుకు శిఖరమైన ఆల్బమ్‌లోనే నిలకడ శ్రుతి మొలకెత్తింది.

1960లో డేవిస్‌ను వదిలి సొంత బృందం కట్టుకున్నారు. పియానో మీద మెకాయ్ టైనర్, డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్ కుదిరారు. బేస్ దగ్గర కొందరు మారాక 1961 చివరికి జిమ్మీ గ్యారిసన్ వచ్చి స్థిరపడ్డారు. ఈ నలుగురి బృందాన్నే జాజ్ లోకం ‘క్లాసిక్ క్వార్టెట్’ అంటుంది. జోన్స్ వాయింపు గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఒక చేత్తో మూడు లెక్క, ఇంకో చేత్తో రెండు లెక్క నడుపుతుంటే తిశ్ర, చతురశ్ర గతులు ఒకేసారి వినిపిస్తాయి. కార్డ్‌లు తగ్గిన కొద్దీ సంగీతంలో మిగిలే ఖాళీని నింపింది ఈ లయే. కోల్ట్రేన్ గురించి రాసేవారు సాక్సోఫోన్ మీదే చూపు పెట్టి దీన్ని తరచూ తక్కువ చేస్తారు.

1960 అక్టోబరులో చేసిన ‘మై ఫేవరిట్ థింగ్స్’ ఆయనకు మామూలు శ్రోతల్లో పేరు తెచ్చింది. రోజర్స్, హామర్‌స్టీన్‌ల బ్రాడ్వే నాటకంలోని తేలికైన పాట అది. కోల్ట్రేన్ చేతిలో దాదాపు పద్నాలుగు నిమిషాల ధ్యానం అయింది. టెనార్ పక్కన పెట్టి సొప్రానో సాక్సోఫోన్ పట్టుకున్నారు. నిటారుగా, సన్నాయిలా కనిపించే ఆ వాద్యం గొంతు కూడా ముక్కులోంచి వచ్చే సన్నాయి గొంతుకు దగ్గరే. అసలు పాటలోని కార్డ్‌లు చాలావరకు తీసేశారు. టైనర్ రెండే రెండు కార్డ్‌లను ఊయలలా ఊపుతూ ఉంటే, కోల్ట్రేన్ కాసేపు సాధారణ గాంధారంతో మైనర్‌లో, కాసేపు అంతర గాంధారంతో మేజర్‌లో తిరుగుతారు. ఆ ఒక్క గాంధారం మారడంతోనే వెలుగునీడలు మారతాయి.

1961లో ఇంపల్స్ కంపెనీకి మారారు. ఆ నవంబరు మొదటి వారంలో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో నాలుగు రాత్రులు రికార్డు చేయించారు. అందులోంచి వెలువడిన ‘చేజిన్ ద ట్రేన్’ పదహారు నిమిషాల బ్లూస్. ముందు వాయించే బాణీ అంటూ లేదు. పియానో మౌనంగా ఉంటుంది. టెనార్, బేస్, డ్రమ్స్ ముగ్గురే కుమ్ముకుంటూ పోతారు. సాక్సోఫోన్ అరుస్తుంది, గీపెడుతుంది, ఒక చిన్న ముక్కను పట్టుకుని పది రకాలుగా తిప్పి చూస్తుంది. బాస్ క్లారినెట్ వాయించే ఎరిక్ డాల్ఫీ కూడా ఆ రోజుల్లో బృందంలో ఉన్నారు. ఆ నెలలోనే ‘డౌన్ బీట్’ పత్రికలో ఒక విమర్శకుడు ఈ ఇద్దరి వాయింపును జాజ్ వ్యతిరేక సంగీతమని ఖండించాడు. తర్వాతి ఏప్రిల్‌లో అదే పత్రిక వారి జవాబును అచ్చువేసింది. ఆ విమర్శ తప్పని కాలమే తేల్చింది గానీ, అతనికి కలిగిన దిగ్భ్రమ అబద్ధం కాదు. జాజ్ శ్రోత చెవి అలవాటుపడిన కార్డ్‌ల మెట్లను కోల్ట్రేన్ నిజంగానే తీసేశారు.

ఆ రాత్రుల్లోనే నవంబరు 3న వాయించిన ‘ఇండియా’ 1963లో ‘ఇంప్రెషన్స్’ ఆల్బమ్‌లో వచ్చింది. రెండు బేస్‌లు కలిసి ఒకే ఆధార స్వరం చుట్టూ తిరుగుతాయి, వాటి మీద సొప్రానో. రవిశంకర్ రికార్డులను కోల్ట్రేన్ శ్రద్ధగా వినేవారు, 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నారు. అయినా ‘ఇండియా’లో రాగం వెతకడం వృథా. గమకం లేదు, ఆరోహణ అవరోహణల కట్టుబాటు లేదు. ఆయన తీసుకున్నది ఒక్కటే, కదలని శ్రుతి ఇచ్చే స్వేచ్ఛ. ఆల్బమ్‌కు పేరిచ్చిన ‘ఇంప్రెషన్స్’ పాట నిర్మాణం అచ్చంగా ‘సో వాట్’దే. 1959లో నిదానంగా నడిచిన దారిలో ఇప్పుడు పరుగు.

1962, 63ల్లో ఒక్కసారిగా మెత్తబడ్డారు. ‘బ్యాలడ్స్’, డ్యూక్ ఎలింగ్టన్‌తో ఒక ఆల్బమ్, గాయకుడు జానీ హార్ట్‌మన్‌తో ఇంకొకటి వచ్చాయి. వీటిని కంపెనీ ఒత్తిడికి లొంగి చేసినవని కొట్టిపారేసేవారున్నారు. హార్ట్‌మన్ ఆల్బమ్ విన్న చెవికి ఆ మాట రుచించదు. ఆరే పాటలు. బాణీని దాదాపు ఉన్నదున్నట్టు వాయిస్తూ, ఒక్క స్వరం నిలిపే తీరులోనే అంతా చెప్పేస్తారు.

1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో, నల్లవారి హక్కుల పోరాటానికి కేంద్రమైన బాప్టిస్టు చర్చిలో శ్వేతజాతి దురహంకారులు బాంబు పేల్చారు. నలుగురు బాలికలు చనిపోయారు. రెండు నెలలకు, నవంబరు 18న, కోల్ట్రేన్ ‘అలబామా’ రికార్డు చేశారు. తాళం లేకుండా మొదలవుతుంది. పియానోలో కింది స్వరాలు వణుకుతుంటే, వాటి మీద టెనార్ సమాధి దగ్గర మాట్లాడే పెద్దమనిషిలా ఒక్కో వాక్యం పలికి ఆగుతుంది. మధ్యలో కాసేపు మామూలు జాజ్ నడక అందుకుంటుంది, ఎక్కువసేపు సాగలేక ఆగిపోతుంది. మళ్లీ మొదటి విలాపమే వస్తుంది. చివర్లో జోన్స్ డ్రమ్స్ లోపల్నుంచి ఉబికి వస్తాయి. ఐదు నిమిషాల ఈ పాటలో గొప్పకు వాయించిన స్వరం ఒక్కటీ లేదు. ‘లైవ్ ఎట్ బర్డ్‌లాండ్’ అనే ఆల్బమ్‌లో ఉన్నా ఇది క్లబ్బులో కాక స్టూడియోలో చేసింది.

1964 డిసెంబరు 9న, న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో వాన్ గెల్డర్ కట్టించుకున్న కొత్త స్టూడియోలో, క్వార్టెట్ ఒక్క పూటలో ‘ఎ లవ్ సుప్రీమ్’ ముగించింది. నాలుగు భాగాలు, మొత్తం 33 నిమిషాలు. గంట మోగిన తర్వాత బేస్ నాలుగు స్వరాల ముక్క ఒకటి అందుకుంటుంది. మొదటి భాగానికి పునాది అదే. భాగం చివర కోల్ట్రేన్ ఆ ముక్కను పన్నెండు స్వరస్థానాల మీదా ఒక్కోదానిపై నిలిపి వాయిస్తారు. దేవుణ్ని ఏ దిక్కున పిలిచినా ఒకటేనని అలా చెప్పారని చాలామంది వింటారు. ఆ వెంటనే సాక్సోఫోన్ దించి, అదే ముక్క మీద ఆల్బమ్ పేరునే నామజపంలా పలుకుతారు.

నాలుగో భాగం ‘సామ్’ను దగ్గరగా వినాలి. తాళం లేదు, మారే కార్డ్‌లు లేవు. కింద పెద్ద డ్రమ్ములు ఉరుముతుంటాయి, టెనార్ మెల్లగా, ఒక వాక్యం ముగిసి ఇంకో వాక్యం మొదలయ్యే తీరులో పలుకుతుంది. కోల్ట్రేన్ స్వయంగా రాసిన ప్రార్థనా గీతం ఆల్బమ్ అట్టలో అచ్చయింది. దాన్ని ఎదుట పెట్టుకుని వింటే అక్షరం అక్షరం సాక్సోఫోన్‌తో సరిపోతుంది. దేవుడికి కృతజ్ఞత చెప్పే మాటల దగ్గర స్వరం దిగి నిలుస్తుంది. కృతి వాయించే వైణికుడు సాహిత్యాన్ని మనసులో పాడుకుంటూ మీటులో పలికించడం తెలిసినవారికి ఇది కొత్త కాదు. జాజ్‌లో మాత్రం ఇంత నిడివిగా, ఇంత నిష్ఠగా చేయడం అరుదు. కోల్ట్రేన్ రికార్డుల్లో ఒక్కటే నిలుస్తుందంటే అది ఇదే కావాలి.

చాలామంది శ్రోతలు ఇక్కడ ఆగిపోతారు. ఆయన ఏడు నెలలు కూడా ఆగలేదు. 1965 జూన్ 28న పదకొండు మందితో ‘అసెన్షన్’ చేశారు. కోల్ట్రేన్‌తో కలిపి ముగ్గురు టెనార్‌లు, ఇద్దరు ఆల్టోలు, ఇద్దరు ట్రంపెట్‌లు, ఇద్దరు బేస్‌లు, పియానో, డ్రమ్స్. ఒక్కొక్కరూ విడిగా వాయిస్తారు, మధ్య మధ్య అందరూ ఒకేసారి విరుచుకుపడతారు. దాదాపు నలభై నిమిషాలు. మొదటిసారి వింటే గోలే. రెండు మూడుసార్లు వింటే మధ్యలో అందరూ కలిసి ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జరగడం వినిపిస్తుంది. ముందు విడుదలైన టేకును వెనక్కి తీసుకుని, కోల్ట్రేన్ కోరిక మీద ఇంకో టేకును పెట్టారు.

ఆ నవంబరులో ‘మెడిటేషన్స్’ వచ్చేసరికి ఫరో శాండర్స్ రెండో టెనార్‌గా, రషీద్ అలీ రెండో డ్రమ్మర్‌గా చేరారు. ఆ హోరులో తమకు చోటు లేదనుకుని టైనర్, జోన్స్ కొద్ది నెలల్లో వెళ్లిపోయారు. పియానో దగ్గరికి రెండో భార్య ఆలిస్ కోల్ట్రేన్ వచ్చారు. భర్త పోయాక వేదాంతం వైపు మళ్లి, పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియాలో ఆశ్రమం నడిపినది ఆవిడే. 1966 జులైలో ఈ బృందం జపాన్ వెళ్లింది. అక్కడి ఒక రికార్డింగులో ‘మై ఫేవరిట్ థింగ్స్’ దాదాపు గంటసేపు సాగుతుంది. కార్డ్‌లు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు లెక్కపెట్టదగ్గ తాళమూ పోయింది.

ఈ చివరి రెండేళ్ల రికార్డులన్నీ ఒక ఎత్తున లేవు. కొన్నిచోట్ల మందిలో సంగీతం చిక్కుబడిపోతుంది. కానీ 1967 ఫిబ్రవరి 22న చేసిన ‘ఇంటర్‌స్టెల్లార్ స్పేస్’ ఆ మాటకు లొంగదు. టెనార్, డ్రమ్స్, అంతే. కోల్ట్రేన్, రషీద్ అలీ ఇద్దరే. పాటలకు గ్రహాల పేర్లు. చిరుగంటలు మోగించి మొదలుపెడతారు, ఒక చిన్న బాణీ వేస్తారు, దాన్ని ముక్కలు చేసి స్థాయిలు మార్చి మార్చి దింపుతారు. శ్రద్ధగా వింటే ఆ ముక్కల వెనక ‘జయంట్ స్టెప్స్’ నాటి చక్రాల సాధన ఆనవాళ్లు దొరుకుతాయి. ఆయన కార్డ్‌లను మరిచిపోలేదు, ఎవరూ వేసి చూపక్కర్లేనంతగా తనలో ఇముడ్చుకున్నారు. ఈ ఆల్బమ్ 1974లో గానీ వెలుగు చూడలేదు.

అప్పటినుంచి ఆయన రికార్డుల పట్టిక కొత్త టేపులతో పెరుగుతూనే ఉంది. మంక్‌తో 1957 నవంబరు 29న కార్నెగీ హాల్లో వాయించిన కచేరీ టేపు 2005లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరికింది. ఫైవ్ స్పాట్ నెలల్లో నేర్చుకున్నదేమిటో మంచి ధ్వనితో వినడానికి అదొక మేలైన దారి. హార్ట్‌మన్ ఆల్బమ్‌కు ముందురోజు, 1963 మార్చి 6న, క్వార్టెట్ చేసిన పని అసలు టేపు కంపెనీ దగ్గర మిగల్లేదు. మొదటి భార్య నైమా కుటుంబం దాచిన నకలు నుంచి 2018లో ‘బోత్ డైరెక్షన్స్ ఎట్ వన్స్’ వచ్చింది. ‘ఎ లవ్ సుప్రీమ్’ను 1965 అక్టోబరులో సియాటిల్ క్లబ్బులో వాయించిన రికార్డింగు 2021లో విడుదలైంది. స్టూడియోలో 33 నిమిషాలున్నది అక్కడ రెట్టింపు దాటింది.

2023లో వచ్చిన టేపు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో బయటపడింది. 1961 వేసవిలో విలేజ్ గేట్ క్లబ్బులో కొత్తగా అమర్చిన సౌండ్ సిస్టమ్‌ను పరీక్షించడానికి అక్కడి ఇంజనీరు ఒకే ఒక్క మైకుతో దాన్ని పట్టారు. పియానో దూరంగా, పల్చగా వినిపిస్తుంది, డ్రమ్స్ మాత్రం గదంతా నిండుతాయి. చివరి పాట ‘ఆఫ్రికా’. స్టూడియోలో పెద్ద ఇత్తడి వాద్యాల బృందంతో చేసిన ఆ పాటను క్లబ్బులో వాయించిన రికార్డింగు ఇంకొకటి దొరకలేదు. ఇక్కడ ఇత్తడి వాద్యాల బలగం లేదు. రెండు బేస్‌లు కింద ఒకే శ్రుతిని పట్టుకుని ఇరవై నిమిషాలకు పైగా వదలవు. వాటి మీద కోల్ట్రేన్, డాల్ఫీ వంతులవారీగా నిలబడి వాయిస్తారు.